బయట కూర్చున్న రోజుల్లో నాటిన మల్లెలు

నా చిన్నప్పుడు పుంగనూరులో మా వీధి ఆడవాళ్ళకు మొక్కల పిచ్చి ఎంత ఉండేదంటే, ఎవరింట్లో కొత్త కొమ్మ చిగురేసినా పొద్దు ఎక్కేలోగా ఆ కబురు వీధి చివరి దాకా పోయేది. ఒకరింటి కనకాంబరం ఇంకొకరింటికి, ఆ ఇంటి ముద్దమందారం మరో ఇంటికి తిరుగుతూనే ఉండేవి. ఊరికే తీసుకుంటే మొక్క బతకదని నమ్మకం. అందుకని మొక్క ఇచ్చిన చేతిలో పిడికెడు ఉలవలో, నాలుగు ఎండుమిరపకాయలో, ఏమీ లేకపోతే ఇంత బెల్లం ముక్కో పెట్టేవాళ్ళు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల మధ్య తిరిగే మనిషిని నేనే. తడి గోనెపీచులో చుట్టిన కొమ్మను పట్టుకుని పోయేదాన్ని, బదులు ఇచ్చింది పావడా చెంగులో కట్టుకుని వచ్చేదాన్ని. బెల్లం ముక్కలు మాత్రం మా ఇంటి దాకా ఎప్పుడూ వచ్చేవి కావు.

కొమ్మతో పాటు చిట్కా కూడా మోసుకుపోవాలి. గులాబీకి టీ పిప్పి వెయ్యమన్నారు, కరివేపాకుకు పుల్లమజ్జిగ పొయ్యమన్నారు, జాజికి బియ్యం కడిగిన నీళ్ళు పొయ్యమన్నారు. ఒక చిట్కా నాలుగిళ్ళు దాటేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచేవి. మజ్జిగ కాస్తా మీగడ పెరుగయ్యేది, చారెడు కాస్తా చెంబెడయ్యేది. అయినా నాకు ఆ పని ఎంత ఇష్టమో చెప్పలేను. ఎవరి పెరట్లో ఏ మొక్క ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. బడి కంటే ఆ పెరళ్ళే నాకు నచ్చేవి, ఇప్పుడైనా ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

మా అవ్వకు, అంటే మా నాయన తల్లికి, బావి పక్కన ఒక గుండుమల్లె పొద ఉండేది. నేను పుట్టకముందు పెట్టిన పొద. ఎండాకాలం వచ్చిందంటే సాయంత్రం పూట ఆ వాసన వీధిలో నడిచేవాళ్ళను కూడా నిలబెట్టేది. దేవుడికి పోయాక మిగిలినవి అవ్వ తన చేత్తో మూర మూర తుంచి వీధిలో అందరికీ పంచేది, ఎదురింటి పెద్దమ్మకు మాత్రం కాస్త పొట్టి మూర. వాళ్ళిద్దరికీ మొక్కల దగ్గర పోటీ. పెద్దమ్మ గులాబీ పిడికిలంత పువ్వు పూస్తే ఆ రోజు మా ఇంట్లో అవ్వ అన్నం సరిగ్గా తినేది కాదు.

నేను పెద్దమనిషినైన ఏడాది నుంచి ఆ పెరట్లో నాకు కొత్త చట్టం వచ్చింది. నెలకు మూడు రోజులు పశువుల కొట్టం పక్కన చాపేసి కూర్చోబెట్టేవాళ్ళు. కంచం వేరు, చెంబు వేరు. అవన్నీ మా అమ్మకూ ఉన్నవే కాబట్టి నేనూ ఊరుకున్నాను. నా ఒళ్ళు మండింది మొక్కల దగ్గరే. ఆ మూడు రోజులూ ఏ మొక్కనూ తాకకూడదు, నా నీడ కూడా దాని మీద పడకూడదు, పడితే మాడిపోతుందట. బావి వైపు పోవాలంటే గోడ వెంబడి, ఒంటి కాలి మీద నడిచినట్టు నడవాలి. నిన్నటి దాకా నీళ్ళు పోసి, ఎండుటాకులు ఏరి, ముద్దు చేసిన మొక్క ఇవాళ నన్ను చూసి చస్తుందా? అడిగితే అమ్మ నా నోరు మూసేది, అవ్వ కళ్ళు ఉరిమేది.

ఆ సంవత్సరం శ్రావణంలో వానలు బాగా పడ్డాయి. ఊళ్ళో చెట్లన్నీ పచ్చగా కళకళలాడుతుంటే అవ్వ మల్లె మాత్రం వాడడం మొదలుపెట్టింది. ముందు ఒక పక్క ఆకులు పసుపెక్కాయి, తర్వాత కొమ్మ కొమ్మే వేలాడిపోయింది. అప్పుడు నేను కొట్టంలో ఉన్నాను. ఒక మధ్యాహ్నం గాలికి పెద్ద కొమ్మ ఒకటి విరిగి నేల మీద పడబోతుంటే చూస్తూ కూర్చోలేక లేచిపోయి, పాత గుడ్డపీలికతో దాన్ని గుంజకు కట్టి వచ్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను. ఎదురింటి పెద్దమ్మ మిద్దె మీద ఆరేసిన బట్టలు తీస్తూ చూసింది. ఇంకేముంది, పొద్దు గూకేలోగా వీధంతటికీ తెలిసిపోయింది.

అవ్వ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. కొట్టం ముందుకు వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళతో అన్నది.

"నీ సెయ్యి తగిలే నా సెట్టు సస్తాండాది. ఆ మూడు దినాలే గాదు, ఇంక యాపొద్దూ నువ్వు నా తోటలో అడుగు పెట్టొద్దు. నీది పాపిష్టి సెయ్యి."

నా చేతిని నేను తిప్పి తిప్పి చూసుకున్నాను. మామూలుగానే ఉంది. కానీ ఆ మాట వీధిలోకి పోయింది, పోయి ప్రతి ఇంటి తలుపు తట్టింది. స్నానం చేసి బయటికొచ్చిన తర్వాత నేను ఎవరింటికి పోయినా ఆడవాళ్ళు మాట బాగానే కలుపుతూ, మెల్లగా జరిగి తమ మొక్కకు అడ్డం నిలబడేవాళ్ళు. ఒకావిడ తులసికోట మీద బుట్ట బోర్లించింది. కొమ్మలు మోసే పని పక్క వీధి పిల్లకు ఇచ్చారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మల్లె వాడితే నా బతుకు వాడింది. నాకు అప్పుడు పదమూడేళ్ళో పద్నాలుగేళ్ళో. ఆ వయసులో ఎవరైనా నీ చెయ్యి మంచిది కాదంటే నమ్మేస్తాం. నేనూ నమ్మాను. అన్నం కలుపుకునేటప్పుడు కూడా ఆ చేతిని అదోలా చూసుకునేదాన్ని.

మరుసటి నెల నేను మళ్ళీ కొట్టంలో ఉన్నప్పుడు మా పిన్నమ్మ కుప్పం నుంచి వచ్చింది. మా అమ్మకు సొంత చెల్లెలు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. బస్సు దిగేటప్పటికే ఆమె చేతిసంచిలోంచి రెండు మూడు కొమ్మలు తొంగి చూస్తుండేవి. అరవమూ కన్నడమూ తెలుగూ కలిసే ఊళ్ళో ఉండేది కదా, మూడు భాషల్లో మొక్కలడిగి తెచ్చుకునేది. ఆ రోజు వస్తూనే నన్ను వెతుక్కుంటూ కొట్టం దగ్గరికి వచ్చింది. నేను ఏడుస్తూ ఉన్నాను. ఆమె నేరుగా వచ్చి నా చాప మీదే కూర్చుంది. నన్ను ముట్టుకుంటే ఆమె కూడా స్నానం చేయాలి. అది ఆమెకు తెలుసు, అయినా నా గడ్డం పట్టుకుంది.

"యాల ఏడస్తాండావు పాపా? సెట్టు సచ్చిపోతాందని ఏడిస్తే ఏడు. నీ సెయ్యికి ఏమైందని ఏడస్తాండావు?"

జరిగినదంతా చెప్పాను. ఆమె ఒక్క మాట కూడా అడ్డం రాకుండా విన్నది, అది ఆమె స్వభావానికి పెద్ద విషయం. విన్నాక లేచి మల్లె దగ్గరికి పోయి చుట్టూ తిరిగింది, మొదలు దగ్గర వంగి మట్టి వాసన చూసింది. తిరిగి వచ్చి చిన్న పార ఒకటి నా ముందు పడేసింది. తవ్వమన్నది. నేనా అన్నాను. నేను తవ్వితే ఎవరికి కావాల, నువ్వే తవ్వాల, ఈ పొద్దే తవ్వాల అన్నది. అవ్వ మధ్యాహ్నం భోంచేసి లోపల పడుకుని ఉంది. పోయి ఆ మల్లె మొదట్లో కూర్చుని పార దించినప్పుడు ఆకాశం విరిగి పడుతుందేమో అనుకున్నాను. ఏమీ పడలేదు. కాకి ఒకటి గోడ మీద కూర్చుని అరిచింది, అంతే.

మట్టి రెండు గుప్పిళ్ళు తీయగానే పచ్చిపేడ వాసన గుప్పుమంది. ఇంకాస్త తీస్తే తెల్లగా, లావుగా, చంద్రవంకలా ముడుచుకున్న పురుగులు. ఒకటా రెండా, తీసేకొద్దీ వస్తూనే ఉన్నాయి. వేరుశనగను మేం చెనిక్కాయ అంటాం, ఆ చేలల్లో రైతులు మొత్తుకునే వేరుపురుగులు అవే. మల్లె వేళ్ళను పైతోలు లేకుండా కొరికి పెట్టాయి. వాన పడ్డాక పచ్చిపేడ ఎక్కడుంటే అక్కడికి వచ్చి పెంకుపురుగు గుడ్లు పెడుతుంది. అవ్వ మల్లె మొదట్లో పచ్చిపేడ ఎందుకుంది? అప్పుడు నాకు గుర్తొచ్చింది. పోయిన ఎండాకాలం చివర్లో ఒకరు పేడ కుమ్మరించమన్నారు, ఒకరు చెనిక్కాయ చెక్క కొట్టి వెయ్యమన్నారు, ఇంకొకరు పుల్లమజ్జిగ అన్నారు. పెద్దమ్మ గులాబీని దాటాలన్న పంతంతో అవ్వ ఒక్క చిట్కానూ వదల్లేదు. పేడ మాగి ఎరువయ్యేదాకా ఆగకుండా, మా పొట్టి ఆవు పేడ తట్టలకు తట్టలు తెచ్చి వేడివేడిగా ఆ మొదట్లోనే పోసింది. ప్రేమతోనే పోసింది పాపం. ఆ చిట్కాల్లో సగం మోసుకొచ్చింది కూడా నేనే.

పిన్నమ్మ ఒక ఆముదం ఆకు కోసి, ఆ పురుగులన్నీ దాని మీద పోయించి, అవ్వ లేవగానే ముందర పెట్టింది. వేరు కూడా ఒకటి తుంచి చూపించింది. నేను కొట్టంలోంచి చూస్తున్నాను. ఇప్పుడు అవ్వ నన్ను పిలుస్తుంది, తప్పయిందే తల్లీ అంటుంది అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. అవ్వ పుల్లతో ఒక పురుగును తిప్పి చూసింది. చూసి అన్నది.

"సరే మే, పురుగులే. పురుగు యాలొచ్చె? అది ముట్టబట్టే వచ్చె."

చెప్పండి, ఈ మాటకు ఏం జవాబుంది! పిన్నమ్మకు నవ్వూ కోపమూ రెండూ ఒక్కసారే వచ్చాయి.

"అత్తా, మీ సేలో కలుపు తీసే ఆడోళ్ళు నెలకు మూడు దినాలు ఇంట్లో కూచుంటాండారా? కూలి పోతాదని వస్తానే ఉండారు గదా. మరి మీ సెనిక్కాయ యాల సావలేదు? టమోటా యాల మాడలేదు?"

బదులు దొరకనప్పుడు అవ్వ పూజగదిలోకి పోయి గంట వాయించేది. ఆ రోజు గంట గట్టిగానే మోగింది.

ఆ సాయంత్రం పిన్నమ్మ నాతో ఒక మాట చెప్పింది. కళ్ళకు చూపిస్తే నమ్మనోళ్ళకు మాటల్తో చెప్పి లాభం లేదు, వాళ్ళ పెరట్లోనే పెంచి చూపించాలి అన్నది. అవ్వ పూజలో ఉండగా, మల్లెలో ఇంకా పచ్చగా ఉన్న పక్కనుంచి ముదురు కొమ్మలు నా చేతే కోయించింది. కణుపు కింద ఏటవాలుగా ఎట్లా కోయాలో, కింది ఆకులు ఎట్లా తుంచాలో, కలబంద గుజ్జులో ముంచి ఇసుక కలిపిన ఎర్రమట్టిలో ఎట్లా గుచ్చాలో దగ్గర కూర్చుని చెప్పింది గానీ, తను ఒక్క కొమ్మను కూడా తాకలేదు. డాల్డా డబ్బాలూ పగిలిన కుండ అడుగులూ ఏవి దొరికితే అవి. నేను గుచ్చిన ప్రతి కొమ్మా ఆ మూడు రోజుల్లోనే గుచ్చాను. కొట్టం వెనక ఎండ తగలని చోట వరసగా పెట్టాం. తోటలోకి నాకు ప్రవేశం లేదు గానీ కొట్టం వైపు అవ్వ చూసేది కాదు. అది ముట్టు తావు కదా, ఆమె అటు రాదు. మమ్మల్ని అవమానించడానికి పెట్టిన చోటే మాకు నర్సరీ అయింది.

పిన్నమ్మ కుప్పం వెళ్ళిపోయాక వాటిని ఎవరు చూస్తారని నాకు భయం పట్టుకుంది. నేను బడికి పోయేదాన్ని, మామూలు రోజుల్లో కొట్టం వెనక తచ్చాడితే అవ్వకు అనుమానం వస్తుంది. రెండు మూడు రోజులు చూశాను. పొద్దున్నే మట్టి తడిగా ఉండేది. నేను పోయలేదు, వాన పడలేదు. ఒకరోజు చీకటి విడవకముందే లేచి చూస్తే మా అమ్మ, అవ్వ ముందు ఏనాడూ తలెత్తి మాట్లాడని మా అమ్మ, ఆవు కుడితి తొట్టి కడిగే నెపంతో చెంబు పట్టుకుని వంగి ఒక్కో డబ్బాలో నీళ్ళు చిలకరిస్తూ ఉంది. నన్ను చూసి, మిగిలిన డబ్బాలకూ నీళ్ళు చిలకరించి లోపలికి పోయింది.

కొన్ని కొమ్మలు కుళ్ళిపోయాయి. చాలా భాగం చిగురేశాయి. అవ్వ పెద్ద మల్లె మాత్రం చచ్చిపోయింది. పురుగులన్నీ ఏరినా వేళ్ళు మిగల్లేదు, ఎంత చేసినా నిలవలేదు. దాన్ని పెళ్ళగించిన రోజు అవ్వ పొద్దుగూకేవరకూ బావి గట్టు మీద కూర్చుంది. ఎంత కోపం ఉన్నా ఆ రోజు నాకు ఆమెను చూస్తే ఏడుపొచ్చింది. దగ్గరికి పోదామంటే తోటలోకి రావద్దని ఆమే కదా చెప్పింది.

కార్తీకం వచ్చాక అమ్మ ఆ మొక్కలను వీధిలో పంచింది. మా చెల్లెలు కుప్పం నుంచి వచ్చినప్పుడు పెట్టించింది అని చెప్పింది, అందులో అబద్ధమేమీ లేదు. ఎవరు నాటారని ఎవరూ అడగలేదు. పిన్నమ్మ చెయ్యి చలవ చెయ్యి అని వీధికంతా తెలుసు కాబట్టి ఎగబడి తీసుకున్నారు. ఉలవలొచ్చాయి, బెల్లం వచ్చింది, ఎదురింటి పెద్దమ్మ ఏకంగా తన గులాబీ కొమ్మే బదులిచ్చి మల్లె పట్టుకుపోయింది. అవ్వ మాత్రం మల్లె పేరెత్తితే మొహం తిప్పుకునేది. మా బావి పక్కన గుంత అట్లాగే ఉండిపోయింది.

ఎండాకాలం వచ్చింది. ఏడాది నిండని మొక్కలకు ఇన్ని మొగ్గలా అని వీధంతా ముచ్చటపడింది. సాయంత్రం కాగానే ఎవరింటి మొగ్గలు వాళ్ళు తెచ్చి మా ఇంటి అరుగు మీద ఒకే పళ్ళెంలో పోసేవాళ్ళు, అందరూ కూర్చుని కట్టేవాళ్ళు, చివరికి మూర మూర పంచుకునేవాళ్ళు. ఒక రోజు అట్లా కడుతున్నప్పుడు నేను మళ్ళీ బయట ఉన్నాను. కొట్టంలో ఉక్కపోతకు తాళలేక అరుగు చివర, అందరికీ దూరంగా, గోడకు ఆనుకుని కూర్చున్నాను. పూలు కడుతూ పెద్దమ్మ పళ్ళెం వాసన చూసి, "ఎవరి సెయ్యో గానీ సలవ సెయ్యి మే! కుప్పమామె సేతిలో ఏదో ఉండాది" అన్నది. తర్వాత నా వైపు చూసి, కొన్ని చేతులు అట్లుంటాయి, కొన్ని ఇట్లుంటాయి, ఏం చేస్తాం అని నిట్టూర్చింది.

పిన్నమ్మ ఉంటే ఏమనేదో. ఆమె ఊళ్ళో లేదు. ఎప్పుడు చెప్పాలో నువ్వే తెలుసుకుని చెప్పు, నేను మాత్రం చెప్పను అని పోయేటప్పుడు అన్నది. ఆ నిట్టూర్పు నన్ను లేపి నిలబెట్టింది.

"నాటింది మా పిన్నమ్మ గాదు, నేను. ఒక్కో కొమ్మా నేనే కోసి నేనే గుచ్చినా. ఇదో, ఇట్ల బయట కూచున్నప్పుడే గుచ్చినా. మీకు ఇష్టం లేకుంటే పోయి పీకి పారేయండి."

పూలు కట్టే చేతులన్నీ ఆగిపోయాయి. ఒకావిడ చేతిలో దారం అట్లాగే వేలాడింది. పిల్లకు తిక్క పట్టింది అని పెద్దమ్మ అనబోతుంటే, గడప లోపల నిలబడ్డ మా అమ్మ నోరు తెరిచింది. ఆమె గొంతు అంత మంది ముందు వినడం నాకు అదే మొదలు.

"పాప సెప్పింది నిజమే. నీళ్ళు పోసింది నేను. నేను దూరమున్న దినాల్లో గూడా నేనే పోసినా."

అవ్వ అరుగు మీదే ఉంది. ఆమె మా అమ్మను చూసింది, నన్ను చూసింది, పళ్ళెంలో పూలను చూసింది. పొద్దున ఆ చెట్ల పూలే వాళ్ళవీ వీళ్ళవీ అడిగి తెచ్చుకుని దేవుడికి పెట్టింది. పెద్దమ్మ ఒక్కతే దిగ్గున లేచింది. తన ఒళ్ళో పూలు దులుపుకుని, వీధి దాటి, తన ఇంటి ముందున్న మల్లెను మొదలు పట్టుకుని లాగింది. ఒక్క లాగుకు రాలేదు. మొగ్గలన్నీ రాలిపోతుంటే ఊపి ఊపి పీకి, వీధి మలుపులో చెత్తదిబ్బ మీద విసిరి, చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయింది.

మిగతా వాళ్ళు నా వైపు చూశారు. ఇంక ఇది తల దించుకుని కొట్టంలోకి పోతుంది అనుకున్నారు కాబోలు. నాకు ఒళ్ళంతా కోపం. నా మీద ఏం పడినా పడనీ గానీ, పచ్చగా ఉన్న మొక్కను పీకి దిబ్బ మీద వేస్తారా? అరుగు దిగి, అందరూ చూస్తుండగా నడి వీధిలో నడిచిపోయి ఆ మొక్కను తీసుకున్నాను. వేళ్ళకు ఇంకా మట్టి ఉంది. దాన్ని ఎత్తుకుని మా ఇంటి నడవలోంచే, అవును, ఆ రోజుల్లో నేను తొక్కకూడని నడవలోంచే పెరట్లోకి పోయాను. బావి పక్కన పాత మల్లె గుంత దగ్గర కూర్చున్నాను. తోటలో అడుగు పెట్టొద్దన్నారు కదా, రెండు కాళ్ళూ పెట్టాను. గుంత అడుగు మట్టి గీకి పురుగు ఉందేమో చూశాను, లేదు. పూత ఉన్న కొమ్మలు సగానికి పైగా విరిచేశాను, పీకిన మొక్క పూలనూ ప్రాణాన్నీ రెండింటినీ మోయలేదని పిన్నమ్మ చెప్పి ఉంది.

మట్టి కప్పి తలెత్తేసరికి అవ్వ నిలబడి ఉంది. వెనక అమ్మ, ఆ వెనక వీధి ఆడవాళ్ళు. అవ్వ ఆ మొక్కను పీకుతుందా, నన్ను ఈడ్చి అవతల పడేస్తుందా అని అందరూ చూస్తున్నారు. నేను మొక్కకు అడ్డంగా చెయ్యి పెట్టాను. అవ్వ బావిలోంచి నీళ్ళు తోడి, ఇంటి చెంబు, నేను ముట్టుకోకూడని ఆ ఇత్తడి చెంబు నిండా పోసి, తెచ్చి నా పక్కన పెట్టింది.

"ఊరికే కూచున్నావేమే, నీళ్ళు పొయ్యి. పొద్దు యింకా దిగలా, వాడిపోతాది" అన్నది.

అంతే అన్నది. అంతకు మించి ఆమె చచ్చేదాకా ఏమీ అనలేదు. ఆ మాటతో అవ్వ మారిపోయిందని మీరనుకుంటే పొరపాటు. ఆ మరుసటి నెల కూడా నా చాప కొట్టం పక్కనే పడింది. కంచం వేరే, చెంబు వేరే. కానీ నన్ను తోటలోకి రావద్దని మళ్ళీ ఎప్పుడూ అనలేదు, ఏ రోజైనా సరే. మొక్క ఏదైనా తల వాల్చితే కొట్టం దగ్గరికి వచ్చి దూరం నుంచే, పోయి వేర్ల కాడ ఏముండాదో సూడు అని నన్నే పంపేది. మాగని పేడ మాత్రం మళ్ళీ ఏ మొక్కకూ వేయలేదు.

వీధిలో ఇంకెవరూ మల్లె పీకలేదు. పసుపు నీళ్ళు చల్లి శుద్ధి చేసుకున్నామని కొందరు చెప్పారు. చేసుకోనీ, పసుపు నీళ్ళు మల్లెకు చెడ్డ కాదు. పెద్దమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు సంతలో పూలు కొని పెట్టుకుంది. ఆ పూలు పెంచిన చేతులు ఏ రోజు ఎట్లా ఉండేవో ఆవిడ సంతలో అడిగిందో లేదో నాకు తెలియదు. ఈ కబురంతా కుప్పం చేరినప్పుడు పిన్నమ్మ నన్ను మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. ఆమె అడిగిందల్లా, నాటే ముందు కొమ్మలు కత్తిరించానా లేదా అని.

ఇప్పుడు నేను మదనపల్లెలో ఉంటున్నాను. నా మనవరాళ్ళే పెద్దవాళ్ళయ్యారు. మిద్దె మీద కుండీల్లో మల్లె, కనకాంబరం, కాస్త ఆకుకూర, నాలుగు వంగమొక్కలు. ఈ ఊళ్ళో మిద్దె తోటల వాళ్ళమంతా కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఎవరి మొక్కకు ఏం వచ్చినా ఫొటో పెడతారు, తెలిసినవాళ్ళు తెలిసింది చెబుతారు. మొన్న ఎవరో అందులో చిట్కాల వరసలో ఒక చిట్కా పెట్టారు, ఆ రోజుల్లో ఆడవాళ్ళు మొక్కల దగ్గరికి పోకండి, మొక్కలు వాడతాయి అని. కింద ఇరవై ముప్పై మంది దండాల బొమ్మలు పెట్టారు. నేను చాలా ఘాటుగా రాశాను. పెద్దావిడ అని కూడా చూడకుండా ఒకరిద్దరు నాతో వాదన వేసుకున్నారు. వేసుకోనీ. నా మొక్కలన్నీ నేను నలభై ఏళ్ళు ఆ రోజుల్లోనూ ముట్టుకున్న చేతులతోనే పెంచాను, వచ్చి చూసుకోమన్నాను. నా చేతుల్లో చచ్చిన మొక్కలు లేవా అంటే బోలెడు. నీళ్ళెక్కువై చచ్చాయి, ఎండకు చచ్చాయి, నేను ఊరికి పోయి మరిచిపోతే చచ్చాయి. ఒక్కదానికి కూడా నా ఒంటిని అనుమానించలేదు.

ఆ వాదన అయిన మర్నాడు, గ్రూపులో ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి నాకు ఒక్కదానికే మెసేజ్ పెట్టింది. కొత్తగా పెళ్ళయి బి.కొత్తకోట నుంచి ఈ ఊరికి వచ్చిందట. "అవ్వా, మా అత్తగారి మల్లె వాడిపోతాంది. నేను బయటున్నప్పుడు మరిచిపోయి నీళ్ళు పోసినాను. నా వల్లే అంటాండారు. ఈ పొద్దు గూడా నేను బయటే. స్నానం చేసినాక దానికి ఏమన్నా చేస్తే బతుకుతుందా?" అని అడిగింది.

కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో అక్షరం ఏరుకుంటూ రాశాను. స్నానం దాకా ఆగొద్దు తల్లీ, పురుగు నీ స్నానం కోసం కాచుకోనుండదు. ఇప్పుడే పార తీసుకుని పో. నీ చేత్తోనే తవ్వు. మీ అత్తను పక్కన నిలబెట్టుకుని తవ్వు.